నూనె పడాల్సిన చోటు

పరుపులు తిరిగొచ్చాయి.

కాపురానికి పంపిన పిల్ల మర్నాడే పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఎలా ఉంటుందో, షెడ్డు ముందు ఆగిన నర్సుల హాస్టల్ వ్యాను అలా ఉంది. డ్రైవరు ఎవరి మొహమూ చూడకుండా వెనక తలుపు తెరిచి ఒక్కో పరుపునీ కింద పడేస్తున్నాడు.

"మట్టిలో పడేయకు నాయనా," అంది పరుపుల అత్త నడుం మీద చెయ్యి వేసుకుని. "తిట్టాలనుంటే నన్ను తిట్టు. అదేం చేసింది పాపం?"

"నాకేం తెలుసమ్మా, వార్డెన్ గారు పంపించెయ్యమన్నారు. పడుకుంటే వాసనొస్తోందట. పిల్లలకి తలనొప్పి అట."

కబురు విని పేరమ్మ స్కూటర్ మీద వచ్చేసరికి వ్యాను వెళ్ళిపోయింది. అత్త గోడకి ఆనించిన పరుపుల ముందు కూర్చుని ఒక్కోదాన్నీ చేత్తో దులుపుతోంది. కుట్లు ఎక్కడా వదల్లేదు, మూలలు ఎక్కడా నలగలేదు. అలాంటి పరుపుని ఎవరైనా తిప్పి పంపిస్తారా అని అత్త బాధ.

పేరమ్మ అసలు పేరు పేరమ్మ కాదు. ఆ పారిశ్రామికవాడలో ఒకరు పారేసే చెత్త ఇంకొకరికి ఎక్కడ పనికొస్తుందో వెతికి, ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒప్పించడం ఆమె ఉద్యోగం. యజమానుల సంఘం ఆ ఉద్యోగానికి పెట్టిన పేరు పలకాలంటే నోరు తిరగదు. అందుకని అందరూ పెళ్ళిళ్ళ పేరమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. రంపంమిల్లు పొట్టుని ఇటుకబట్టీకి ఇచ్చి చేసింది. గాజుల ఫ్యాక్టరీ పెంకుల్ని టైల్స్ వాళ్ళకి అంటగట్టింది. బేకరీలో మిగిలిన రొట్టెకీ కోళ్ళఫారానికీ ముడిపెడదామని ఎన్నిసార్లు చూసినా, బేకరీ ఆయన మాత్రం నవ్వేసి మాట దాటేసేవాడు.

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. నువ్వెన్ని ఆడావ్ పేరమ్మా?" అని ఎవరైనా వేళాకోళం ఆడితే, "ఈ పెళ్ళిళ్ళలో ఒక్క అబద్ధం కూడా చెల్లదు. సంచిలో ఏముందో నేను చెప్పకపోతే అవతలి వాళ్ళ మిషను చెప్పేస్తుంది," అనేది.

అన్నిటికన్నా భయపడుతూ కుదిర్చిన సంబంధం ఇదే. యూనిఫారాలు కుట్టే బట్టల ఫ్యాక్టరీలో కత్తిరింపులు, చిన్న చిన్న లోపాలతో పక్కన పడేసిన చొక్కాలు రోజూ లారీలో వెళ్ళి కార్మికుల ఇళ్ళ వెనక పల్లంలో తగలబడేవి. ఆ పొగ ఎవరి కిటికీల్లోకి వెళ్ళేదో అందరికీ తెలుసు. గుడ్డని పీకి దూది చేసే మిషను వాడ మొత్తంలో ఒక్కరి దగ్గరే ఉంది. ఆ ఒక్కరూ పేరమ్మ సొంత మేనత్త కావడమే తంటా. లోకం నోరు మూయడం ఎవరి తరం? దూది మిషను ఇంకెవరి దగ్గరైనా ఉందేమో అని చుట్టుపక్కలంతా వెతికి, లేదని తేలాకే అత్త గడప తొక్కింది పేరమ్మ.

"వాసన లేదే," అంది అత్త. "నేను చూశాను, పనివాళ్ళు చూశారు. నా ముక్కు పాడైందనుకో, అందరి ముక్కులూ ఒక్కసారే పాడవుతాయా?"

పేరమ్మ ముక్కు దగ్గర పెట్టి చూసింది. కొత్త గుడ్డ వాసన తప్ప ఇంకేమీ లేదు. కాసేపు ఆలోచించి, ఒక పరుపుని నేలమీద పరిచి, చెప్పులు విడిచి దానిమీద బోర్లా పడుకుంది. అవతల కుడుతున్న పనివాళ్ళు దబ్బనాలు ఆపి చూశారు.

"ఏమే, నిద్రపోయావా?" అంది అత్త ఎంతసేపటికో.

"అత్తా, ఇలా రా. ఇక్కడ ముక్కు పెట్టు. నా పొట్ట కింద ఉన్న చోట."

అత్త మోకాళ్ళ మీద వంగింది. మొహం చిట్లించింది. మళ్ళీ వంగింది. ఒంటి వేడికి పరుపు లోపల్నుంచి ఏదో పైకి వస్తోంది. మాసిన, జిడ్డు వాసన.

"నూనె," అంది అత్త. "మిషన్ నూనె. దీన్నిండా నూనె పోసి పంపించారే ఎవరో!"

*

మర్నాడు పొద్దున్నే పేరమ్మ బట్టల ఫ్యాక్టరీ ముందు గేటులోంచి కాకుండా వెనక పెరట్లోంచి వెళ్ళింది. పెరట్లో చొక్కాలు మడతలు పెట్టి దొంతర్లుగా ఉన్నాయి. పొడుగు మూతి ఉన్న నూనె డబ్బా పట్టుకుని ఒకావిడ దొంతర ముందు నిలబడి ఉంది. ఒక వరస చొక్కాలు పరుస్తుంది, వాటిమీద అటూ ఇటూ డబ్బా వంచుతుంది, దానిమీద ఇంకో వరస పరుస్తుంది. చేతికి బాగా అలవాటైన పని. ఎక్కడా ఒక చుక్క నేలమీద పడటం లేదు. ముదురు నీలం బట్ట కాబట్టి పడిన నూనె మరక కూడా కనబడటం లేదు.

"ఏం చేస్తున్నావమ్మా?" అంది పేరమ్మ.

"పాడు చేస్తున్నానండి," అందావిడ, ఊడుస్తున్నానని చెప్పినంత మామూలుగా. "ఇదివరకు కత్తితో కోసేవాళ్ళం. మీరే కదా కొయ్యద్దన్నారు? అందుకని మిషన్ల కింద కారిన నూనె పోస్తున్నాం."

పేరమ్మ దొంతర దగ్గరికి వచ్చింది. కత్తి వద్దని చెప్పింది నిజమే. ముక్కలు చిన్నవైతే పోగు పొట్టిదైపోతుంది, పరుపు తొందరగా అణిగిపోతుంది, నిండు గుడ్డలు పంపించండని ఆమే మేనేజరుని బతిమాలింది. ఆయన సరేనంటే ఎంత సంబరపడిందో! కత్తి వద్దంది గానీ, అసలు కత్తి ఎందుకు వాడుతున్నారని మాత్రం అడగలేదు. పిల్లవాడి గుణం అడగకుండా ముహూర్తం పెట్టేసినట్టయింది. తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఒక చొక్కా తీసి చూసింది. కాలరు నిలబడి ఉంది, జేబు తిన్నగా ఉంది. "దీనికేమైంది?"

"గుండీ కాజా ఒకటి కిందికి దిగింది."

"అంతేనా?"

"అంతేనండి." ఆవిడ డబ్బా కింద పెట్టి చేతులు గుడ్డకి తుడుచుకుంది. ఆవిడ వేసుకున్న చొక్కా భుజం దగ్గర అతుకు, ఆ అతుకు మీద ఇంకో అతుకు. "ఇంట్లో పిల్లాడికని ఒకటి సంచిలో పెట్టుకుందని నా పక్కన కుట్టే ఆవిణ్ణి తీసేశారు. ఇవి మాత్రం ఇలా పోతాయి. నేనూ మొన్నటిదాకా లోపలే కుట్టాను, నా కుట్టు నాకు తెలుసు కదండీ. ఒక్కోసారి నేను కుట్టిన చొక్కానే నా చేతికొస్తుంది."

"అప్పుడేం చేస్తావ్?"

"మొహం అటు తిప్పుకుని పోస్తాను."

*

మేనేజరు పేరమ్మని కూర్చోమని, టీ తెప్పించి, తలుపు దగ్గరగా వేశాడు. టీ ఇచ్చి తలుపు వేసేవాళ్ళు మంచి కబురు చెప్పరని పేరమ్మకి అనుభవం. అందుకని కప్పు ముట్టుకోలేదు.

"గేటు దాటే ప్రతి బట్టా పాడయ్యే దాటాలి. అది కంపెనీ రూలు. మా పేరున్న చొక్కా సంతలో కుప్పపోసి అమ్మితే మా పరువేం కావాలి?"

"మా అత్త మిషనులో అది దారం దారం విడిపోతుంది సార్. చచ్చిన పాముని మళ్ళీ చంపడం దేనికి?"

"మీ అత్త మిషను దాకా వెళ్తే కదా? దారిలో ఎవడో ఒక మూట విప్పితే?"

"నూనె పోస్తున్నామని నాతో ఒక్క మాట చెప్పి ఉండాల్సింది."

"మీరు అడగలేదు," అన్నాడాయన. అది నిజం కాబట్టి ఇంకా గట్టిగా తగిలింది.

ఆయన కుర్చీ ముందుకి జరిపాడు. గొంతు మెత్తబరిచాడు. "చూడండి, శనివారం సంఘం మీటింగు. హాస్టల్ వాళ్ళు గొడవ చేస్తున్నారు. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. షెడ్డులో పాత దూది కలిపారు, అందుకే వాసన అని మీరొక్క మాటనండి. మీ మాట మీద అందరికీ నమ్మకం. మీ ఉద్యోగానికి ఢోకా ఉండదు, మీ మిగతా సంబంధాలన్నీ చల్లగా సాగుతాయి. లేదంటే మేం గుడ్డ ఇవ్వడం మానేస్తాం. మమ్మల్ని చూసి ఇంకో నలుగురు మానేస్తారు."

"మరి షెడ్డు?"

"షెడ్డు సంఘానిది. పరుపుల వ్యాపారం నడవకపోతే ఖాళీ చెయ్యక తప్పదు. మాకెలాగూ గోడౌను కావాలి." నవ్వాడు. "అయినా చెత్తతో చేస్తే చెత్తే వస్తుందండీ. దానికింత రభస ఏమిటి?"

పేరమ్మ లేచి నిలబడింది. "చెత్తతోనే మంచి పరుపు వచ్చేది సార్, మీరు నూనె పొయ్యకపోతే. ఆ మాట నా నోట రాదు. వేరే నోరు చూసుకోండి."

టీ అక్కడే చల్లారిపోయింది.

*

సాయంత్రం పేరమ్మ వెళ్ళేసరికి ఇంట్లో అత్త దబ్బనానికి దారం ఎక్కిస్తోంది. పగలు షెడ్డులో కుట్టింది చాలక ఇంటికి కూడా కుట్టాల్సిన అంచు గుడ్డ ఒకటి తెచ్చుకుంటుంది. చేతులు ఖాళీగా ఉంటే బుర్ర పాడవుతుందంటుంది. పేరమ్మ జరిగింది పొల్లుపోకుండా చెప్పింది.

"చెప్పెయ్యవే," అంది అత్త తల ఎత్తకుండా. "పాత దూది కలిపాననే చెప్పెయ్. పోతే నా షెడ్డు పోతుంది. నీ ఉద్యోగం ఉంటుంది, మిగతా వాళ్ళ పనులు ఉంటాయి. ఇద్దరం మునగడం కన్నా ఒకరు తేలడం నయం."

"నువ్వు కలిపావా?"

"ఛీ! నా చేత్తో నేను పాత దూది కలుపుతానా?"

"మరి?"

"మరి అంటావేంటి, బతకడం తెలియాలి కదే!"

"నేను చెప్పను అత్తా."

"మొండిఘటం."

"ఎవరి పోలికో మరి."

అత్త నవ్వు ఆపుకోలేక దారం వదిలేసింది. తిరిగి ఎక్కించడానికి కళ్ళజోడు కోసం వెతుక్కుంటూ, "నోటితో చెప్తే నమ్మరు. మేనత్తని వెనకేసుకొస్తున్నావంటారు. ఒక పరుపు మోసుకొస్తాను. అదే చెప్పుకుంటుంది," అంది.

*

సంఘం హాలుకి రేకుల కప్పు. మధ్యాహ్నం ఎండకి లోపల కూర్చున్నవాళ్ళు ఉడికిపోతున్నారు. అధ్యక్షుడు రంపంమిల్లు ఆయన. ఎవరితోనూ తగువు పెట్టుకోకుండా అధ్యక్షుడైనవాడు, ఆ పదవి అలాగే నిలబెట్టుకుంటున్నాడు. అత్త, ఇద్దరు పనివాళ్ళు పరుపు తెచ్చి హాలు మధ్యలో పరిచేసరికి అందరూ కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు.

"ఇదేంటమ్మా, మీటింగుకొచ్చి పడుకుంటారా?" అన్నాడు బేకరీ ఆయన. హాలంతా నవ్వింది.

"పడుకుంటేనే వాసనొస్తుందన్నారండి హాస్టల్ వాళ్ళు," అంది పేరమ్మ. "నేను పడుకుని చూశాను. నా మాట మీకెందుకు? మీలో ఎవరైనా కాసేపు కూర్చోండి. ఈలోపు మిగతా విషయాలు మాట్లాడుకుందాం."

ఎవరూ కదల్లేదు. మేనేజరు లేచాడు. "నేను కూర్చుంటా. మా గుడ్డే కదా, నాకేం భయం?" చెప్పులు విడిచి, సంగీత కచేరీకి వచ్చినవాడిలా పరుపు మధ్యలో బాసింపట్టు వేసుకున్నాడు. అందరూ మళ్ళీ నవ్వారు. పేరమ్మ కూడా నవ్వింది గానీ, లోపల భయంగానే ఉంది. పొద్దున్నుంచీ ఆ పరుపు నీడలో చల్లగా పడుంది. వేడెక్కకపోతే అత్త షెడ్డూ పోతుంది, తన మాటా పోతుంది.

ఇటుకబట్టీ ఆయన పొట్టు తడిగా వస్తోందని మొదలుపెట్టాడు. రంపంమిల్లు ఆయన వానలకి తానేం చెయ్యగలనన్నాడు. పట్టా కప్పమని ఒకరు, రేకు వెయ్యమని ఒకరు. పేరమ్మ మధ్యలో మాటలు అందిస్తూనే పరుపు వైపు చూస్తోంది. మేనేజరు మడిచిన కాళ్ళు అటూ ఇటూ మార్చుకున్నాడు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

ముందు పట్టింది బేకరీ ఆయనకి. మాట మధ్యలో ఆపేసి గాలి పీల్చాడు. "ఇది కుట్టుమిషన్ నూనె కదూ? మా అమ్మ మిషన్ కుట్టేది. చిన్నప్పుడు ఆ పక్కనే పడుకునేవాణ్ణి."

అందరూ మేనేజరు వైపు తిరిగారు. ఆయన తల వంచుకున్నాడు. అరచేతిని పరుపు మీద గట్టిగా అదిమి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన మేనేజరు కాక ముందు మిషన్లు బాగుచేసే మెకానిక్కు. ఆ వాసన ఆ చేతులకి కొత్తేం కాదు.

"మాదే," అన్నాడు మెల్లిగా.

అధ్యక్షుడికి ఊపిరాడినట్టయింది. "సరే సరే, ఎవరూ కావాలని చెయ్యలేదు. అనుకోకుండా జరిగింది. ఈ సంబంధం ఇంతటితో వదిలేద్దాం. ఎవరి గుడ్డ వాళ్ళది, ఎవరి దూది వాళ్ళది. షెడ్డు సంగతి తరవాత చూద్దాం."

"ఎందుకు వదలాలండి?" పేరమ్మ గొంతు పెరిగింది. తగ్గించుకోవాలని కూడా అనిపించలేదు. "తప్పేంటో తెలిసింది కదా? తెలిశాక కూడా విడగొడతారా? ఆ గుడ్డ మళ్ళీ పల్లంలో కాలాలా? ఆ పొగ మళ్ళీ అందరూ పీల్చాలా? నూనె ఆపితే సరిపోయేదానికి ఒక షెడ్డు మూయిస్తారా?"

"నూనె ఆపితే రూలు తప్పుతుంది," అన్నాడు మేనేజరు. ఈసారి గొంతులో వెటకారం లేదు. "రూలు నాది కాదమ్మా. గేటు దాటేటప్పుడు బట్ట చిరిగి అయినా ఉండాలి, చెడి అయినా ఉండాలి."

"చిరిగి ఉంటే చాలా?"

"చాలు."

"అయితే గేటు లోపలే చింపుదాం. మిషనే మీ పెరట్లోకి వస్తే? చొక్కా లోపలికెళ్తుంది, దూది బయటికొస్తుంది. అప్పుడు మీ రూలుకేమైంది?"

బేకరీ ఆయన తొడ చరుచుకున్నాడు. "ఓహో! మిషనుకి ఇల్లరికమా పేరమ్మా?"

హాలు దద్దరిల్లేలా నవ్వారు. నవ్వనిది అత్త ఒక్కతే. ఆ మిషను ఆవిడ బతుకు. పరాయి గేటు లోపల, పరాయి కాపలా కింద పెట్టడమంటే పీక తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టడమే. అత్తని ఒక్క మాట అడగకుండా నోరు జారానని పేరమ్మకి అప్పుడు తట్టింది. కత్తి విషయంలో చేసిన తప్పే మళ్ళీ చేసింది.

"అత్తా, నీకిష్టం లేకపోతే..."

"ఉండవే." అత్త లేచి మేనేజరు ఎదురుగా వచ్చి నిలబడింది. "మిషను వస్తుంది. ఒంటరిగా రాదు, దాంతోపాటు నేనొస్తా. దాని తాళం నా దగ్గరుంటుంది. దూది నా షెడ్డుకే వెళ్తుంది, పరుపులు అక్కడే కుడతాను. షెడ్డు మీద కన్నెయ్యడం ఇవాళ్టితో మానుకోవాలి. తిరిగొచ్చిన పరుపులు విప్పి మళ్ళీ కుట్టడానికి మంచి గుడ్డ మీరివ్వాలి. ఇంకొకటి. నూనె పోసే ఆవిడ ఎవరో ఉందట కదా, ఆవిణ్ణి నా మిషను మీద పెట్టాలి."

"అది నా ఒక్కడి చేతుల్లో లేదు. పైవాళ్ళని అడగాలి," అంటూ మేనేజరు లేచాడు. ప్యాంటు వెనక జిడ్డు అంటిందేమోనని చేత్తో తడుముకున్నాడు.

"అడగండి." ఆయన లేచిన చోట, ఇంకా వేడి తగ్గని పరుపు మీద అత్త కూర్చుంది. కాళ్ళు బారజాపింది. "ఫోనుంది కదా? మీరడిగి చెప్పేదాకా నేనిక్కణ్ణించి లేవను. తొందరేం లేదు. మా పరుపు బాగా మెత్తగా ఉంటుంది."

పనివాళ్ళిద్దరూ వెళ్ళి అత్త పక్కన కూర్చున్నారు. పేరమ్మ కూడా కుర్చీ వదిలేసి, చెప్పులు విడిచి, ఒక అంచున కూర్చుంది. సంఘం జీతం తీసుకునే మనిషి అలా కూర్చోకూడదని అధ్యక్షుడు కళ్ళతోనే చెప్పాడు. ఆమె చూడనట్టు ఊరుకుంది. మేనేజరు ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. ఒకరితో మాట్లాడాడు, ఇంకొకరితో మాట్లాడాడు. కిటికీ అద్దంలోంచి ఆయన చెయ్యి గాల్లో చింపుతున్నట్టు చూపించడం కనిపిస్తోంది.

బేకరీ ఆయన కుర్చీ లాక్కుని పరుపు దగ్గరికి వచ్చాడు. ఈసారి నవ్వలేదు. "కోళ్ళఫారం వాళ్ళని ఓసారి పంపించు పేరమ్మా. ఇన్నాళ్ళూ ఎందుకు తప్పించుకున్నానో చెప్పలేదు నీకు. మిగిలిన రొట్టె మీద ఫినాయిల్ పోసి పారేస్తాం. వెనక గేటు దగ్గర ఎవరూ ఏరుకోకూడదని." ఆగాడు. "మనుషులు ఏరుకోకూడదని."

పేరమ్మకి ఏదో గట్టిగా అనాలనిపించింది. ఆయన మొహం చూసి, "సోమవారం తీసుకొస్తా," అని మాత్రం అంది.

మేనేజరు లోపలికి వచ్చి, "తెచ్చుకోండి," అన్నాడు. ఆ ఒక్క మాటే అని, కుర్చీ కింద చెప్పులు వెతుక్కున్నాడు.

*

దూది మిషను ట్రాక్టరు మీద వస్తుంటే కాపలా అతను గేటు రెండు రెక్కలూ తీశాడు. లారీలకి తప్ప రెండూ తీసిన అలవాటు లేదతనికి. వెనకే అత్త, చేతిలో తాళంచెవి తిప్పుకుంటూ, కొత్త అల్లుడి కన్నా దర్జాగా నడిచి వచ్చింది.

పెరట్లో మిషను దించి, కాళ్ళ కింద చెక్కలు సర్ది, కరెంటు తగిలించారు. తిప్పగానే కీచుమని అరిచింది. దారిలో కుదుపులకి ఎక్కడో బిగిసినట్టుంది. లోపల కుట్టేవాళ్ళు కిటికీల దగ్గరికి వచ్చి తొంగి చూశారు.

నూనె ఆవిడ ఎప్పట్లాగే చొక్కాల దొంతర ముందు నిలబడి ఉంది. కబురు తెలుసు. అయినా చెయ్యి దానంతటదే డబ్బా అందుకుంది. మూతి చొక్కాల మీదికి వంచబోయి, ఆగి, ఇప్పుడేం చెయ్యాలో తెలియక పేరమ్మ వైపు చూసింది.

"దాన్ని ఇటు తేవమ్మా," అని పిలిచింది అత్త. ఆవిడ చెయ్యి పట్టుకుని మిషను పక్కకి తీసుకెళ్ళి, ఇరుసు మీద ఉన్న చిన్న కన్నం చూపించింది. "ఇదిగో, ఇక్కడ. కొంచెమే."

ఆవిడ డబ్బా వంచింది. ఈసారి మొహం అటు తిప్పుకోలేదు. నూనె సన్నటి ధారగా కన్నంలోకి దిగింది. కీచు కాస్త మూలుగై, మూలుగు కాస్త రొదై, మిషను నిదానంగా తిరగసాగింది.

"చాలా?"

"చాలు. రేపు మళ్ళీ పొయ్యి."

ఆవిడ డబ్బా కింద పెట్టి చేతులు శుభ్రంగా తుడుచుకుని పై చొక్కా తీసింది. లోపలి కుట్టు తిరగేసి చూసింది. వేలితో ఒకసారి రాసింది. "మంచి చొక్కానండి. చింపడం కూడా పాపమే."

"పాపమే," అంది పేరమ్మ. "ఇవాళ నూనె ఆగింది. వచ్చే మీటింగులో చొక్కాని చొక్కాలాగే ఎందుకు ఇవ్వరో అడుగుతాను. ఈసారి ముందే అడుగుతాను."

అవతల నిలబడ్డ మేనేజరు విన్నాడు. విననట్టు గేటు వైపు నడిచాడు.

"దీంతో చేసిన పరుపు మీద ఎవరు పడుకుంటారు?" అంది ఆవిడ, చొక్కా ఇంకా చేతిలోనే పట్టుకుని.

"నర్సులు," అంది అత్త. "రోజంతా నిలబడే పిల్లలు."

ఆవిడ గుండీలు ఒక్కొక్కటే కోసి పక్కనున్న ఖాళీ గిన్నెలో వేసి, చొక్కాని మిషను నోటికి అందించింది.